వల మీదుగా తెల్ల బోటు

ఆ ఉదయం నూకరత్నం యాట్ ఎక్కాల్సిన మనిషి కాదు. మొగల్తూరు దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న రిసార్టులో ఆమెకో చిన్న గది ఉంది. తను అల్లిన లేసు కఫ్తాన్లు అనే వదులు గౌన్లు, పల్చటి పైకోట్లు, వెడల్పంచు టోపీలు సెలవులకొచ్చిన ఆడవాళ్ళకి అక్కడ అమ్ముతుంది. రాజమండ్రి నుంచి వచ్చిన దేవకుమారి గారు ముందురోజు ఒక తెల్ల కఫ్తాన్ తీసుకున్నారు. ఆవిడ ముప్పై రెండేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. అలాంటి బట్ట వేసుకోవడం ఆవిడకదే మొదలు. భుజం దగ్గర జారుతోందని, బోటులో కూర్చుని సరిచేద్దువుగాని రమ్మని, నూకరత్నాన్ని చెయ్యి పట్టుకుని వెంట తీసుకెళ్ళారు.

ఆ యాట్, తెల్లటి షికారు బోటు, గణేష్‌బాబుది. రిసార్టూ ఆయనదే. వెనక తరాల నుంచీ వరి పొలాలు, ఈ మధ్య రొయ్యల చెరువులు ఉన్న కుటుంబం. నడిపే మనిషిని ఒడ్డునే ఉంచేసి, తెల్ల నార చొక్కా, నల్ల కళ్ళద్దాలతో ఆయనే చక్రం దగ్గర కూర్చున్నాడు. దేవకుమారి గారు, ఆవిడ భర్త సుకుమార్ గారు, నూకరత్నం, ఆయనతో కలిపి పైన ఉన్నది నలుగురే.

ఒక గంట హాయిగా గడిచింది. నీళ్ళు నూనె పోసినట్టున్నాయి. దేవకుమారి గారు కాళ్ళు చాపుకుని, టోపీ ముఖమ్మీదికి లాక్కుని, ఇన్నేళ్ళూ ఎండలోకి బడి గంట కోసమే వచ్చానని నవ్వారు. సుకుమార్ గారు ఫోనుతో ఆవిడ ఫొటోలు తీస్తున్నారు. నూకరత్నం భుజం మీద ఆఖరి ముడి వేసి తలెత్తేసరికి ఎదురుగా నారింజరంగు బెండ్లు వరసగా తేలుతున్నాయి. వాటికి కొంచెం అవతల ఉన్న ఫైబర్ బోటు ఎవరిదో ఆమెకి చూడగానే తెలిసింది. అందులో ఉన్నది ఆమె తమ్ముడు చినబాబు, మేనమామ చిట్టియ్య.

"బాబు గారండీ, అవి వల బెండ్లండి. కాస్త చుట్టూ తిప్పండి," అంది.

సముద్రం ఎవరి చేనూ కాదని ఆయన నవ్వాడు. వేగమంటే ఏంటో చూద్దురుగానని సుకుమార్ గారితో అని, బోటు తిన్నగా పోనిచ్చాడు. బెండ్లు రెండు అడుగున తగిలాయి. ఇంజను గీపెట్టింది. యాట్ ఒక్కసారి వెనక్కి లాగినట్టు ఊగి ఆగిపోయింది. వల ఇంజను రెక్కలకు చుట్టుకుంది.

చిట్టియ్య బోటు పక్కకొచ్చి ఆగింది. అరవై దాటిన మనిషి, గొంతు పెంచి మాట్లాడడం ఎరగడు. యాట్ అంచు కమ్మీ పట్టుకుని నిలబడి, ఇంజను ఆపితే తానే దిగి వల విప్పుతానన్నాడు. గణేష్‌బాబు ఆపలేదు. మళ్ళీ లాగించాడు. వల పర్రున చిరిగింది. చినబాబు తన బోటులోంచి అరిచాడు. చిట్టియ్య మాత్రం కమ్మీ వదలకుండా, ఆపండి బాబూ అని రెండోసారి అడిగాడు.

చెయ్యి తియ్యమన్నాడు గణేష్‌బాబు. తియ్యలేదు. ఒడ్డున బోటును దగ్గరకు లాక్కునే పొడవాటి గెడ ఒకటి పక్కనే ఉంది. చివర ఇనప కొక్కెం. ఆయన దాన్ని తీసి ముసలాయన వేళ్ళ మీద కొట్టాడు. వేళ్ళు చితికినా పట్టు వీడలేదు. రెండో దెబ్బ ముఖం మీద పడింది. కొక్కెం ఎడమ కంట్లో దిగి బయటికొచ్చింది. చిట్టియ్య అరవను కూడా అరవలేదు. తన బోటులోకి వెల్లకిలా పడిపోయాడు. అడుగున నిలిచిన నీళ్ళు ఎర్రబడ్డాయి.

చినబాబు ఎప్పుడు దూకాడో నూకరత్నం చూడలేదు. చూసేసరికి గణేష్‌బాబు మీద ఉన్నాడు. మొదటి గుద్దుకే కళ్ళద్దాలు ముక్కలై చెంపలో గుచ్చుకున్నాయి. జుట్టు పట్టుకుని తలను స్టీలు కమ్మీకేసి కొట్టాడు, మళ్ళీ కొట్టాడు. దవడ విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. టీ ఫ్లాస్కు, గాజు గ్లాసులు, పళ్ళెం దొర్లిపోయాయి. గణేష్‌బాబు గాజుముక్కల మీద మోచేతులతో పాకుతూ పోతుంటే, వెనకనుంచి పక్కటెముకల్లో తన్నాడు. సుకుమార్ గారు మూలకు నక్కి, ఫోను ఎత్తిపట్టి ఇదంతా తీస్తున్నారు.

అప్పుడు చినబాబు నడుం దగ్గర్నుంచి తాళ్ళు కోసే కత్తి తీశాడు.

నూకరత్నం వెళ్ళి మధ్యలో పడింది. "వద్దురా. చచ్చిపోతాడు," అంది.

"తప్పుకో అక్కా."

ఆమె కత్తి పట్టిన చేతిని అందుకోబోయింది. దొరికింది కత్తే. అతను విదిలించి లాక్కున్నాడు. ఆమె కుడి అరచెయ్యి ఈ చివరినుంచి ఆ చివరికి తెగింది. లోపలి తెల్లటిది ఒక్క క్షణం కనబడి, రక్తం కమ్మేసింది. అతను అది గమనించలేదు. ఆమెను దాటి వంగాడు. నూకరత్నం ఎడమచేత్తో కిందపడ్డ గెడ అందుకుంది. మొదలును మోచేతి కింద బిగించి, ఉన్న బలమంతా పెట్టి తమ్ముడి భుజం మీద కొట్టింది. ఎముక విరిగింది. కత్తి సముద్రంలో పడింది. చినబాబు మోకాళ్ళ మీద కూలబడి అక్క వైపు చూశాడు. అంతవరకూ ఆమె అక్కడున్నట్టే తెలియనివాడిలా చూశాడు.

దేవకుమారి గారు అప్పటికే చేపల బోటులోకి దిగి, చిట్టియ్య తల ఒళ్ళో పెట్టుకుని తువ్వాలుతో కన్ను అదిమిపట్టుకున్నారు. అక్కణ్ణుంచే, ఆ ఫోనుతో తియ్యడం మానేసి ఎవరినైనా పిలవమని భర్తను కసిరారు. కాసేపటికి ఇంకో బోటు వచ్చి అందరినీ ఒడ్డుకు చేర్చింది.

సుకుమార్ గారు తీసిన వీడియో నిమిషంన్నర. చినబాబు యాట్ మీదికి దూకిన దగ్గర మొదలవుతుంది. ఆయన దాన్ని ఇద్దరు స్నేహితులకే పంపారట. మధ్యాహ్నానికి నరసాపురంలో అందరి ఫోన్లలోనూ ఉంది. విహారానికొచ్చిన వాళ్ళ మీద దాడి అని దానికి పేరు పెట్టారు. దోచుకోవడానికే వచ్చారని గణేష్‌బాబు ఆసుపత్రిలో కాగితం మీద రాసిచ్చాడు. పోలీసులు భుజానికి కట్టు కట్టించి చినబాబును తీసుకెళ్ళారు. చిట్టియ్యకు ఎడమ కన్ను పోయింది.

ఎవరికోసమో సొంత తమ్ముడి ఎముక విరగ్గొట్టావని తల్లి అచ్చాయమ్మ ఒక్కసారే అంది. తరవాత కూతురితో మాట్లాడడం మానేసింది. అన్నం గిన్నె ఆమె ముందు పెట్టి వెళ్ళిపోయేది.

మూడో రోజు నూకరత్నం చేతికి కట్టుతో స్టేషనుకు వెళ్ళింది. బెండ్ల దగ్గర్నుంచి మొదలుపెట్టి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఎస్సై గారు రాసుకుంటూ, మీ తమ్ముడు చంపాలనే కత్తి తీశాడా అని అడిగారు. లేదని ఒక్క మాట చెప్తే సరిపోతుందని ఆమెకి తెలుసు.

"నేను అడ్డం పోకపోతే చంపేసేవాడేనండి. మా మావయ్య కన్ను పోయాకే వాడు దూకాడండి. రెండూ రాసుకోండి," అంది.

మర్నాడు దేవకుమారి గారు రాజమండ్రి నుంచి వచ్చి అదే మాట చెప్పారు. సుకుమార్ గారు కారులోంచి దిగలేదు. గణేష్‌బాబు మీదా కేసు కట్టారు. రిసార్టులో నూకరత్నం గదికి వేరే తాళం పడింది. కుట్లు మానినా ఆమె ఉంగరపువేలు, చిటికెనవేలు ముడవలేకపోయింది.

చినబాబుకు నలభై ఏడు రోజులకు బెయిలొచ్చింది. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కుడి చెయ్యి భుజం పైకి లేవడం లేదు. నూకరత్నం నీళ్ళిస్తే తాగి, ఆమె అరచేతిని తన వైపు తిప్పుకుని చాలాసేపు చూశాడు. అది ఎలా అయిందో అతనికి స్టేషన్లో ఎవరో చెప్పేదాకా తెలియదు.

"వాడి కోసం అడ్డొచ్చావా అక్కా?"

"వాడి కోసం కాదురా. నేను రాకపోతే నువ్వు చంపేద్దువు."

చినబాబు కాదనలేదు. "చంపేద్దును," అన్నాడు. ఆ మాట తనకే కొత్తగా వినబడినట్టు ఆగిపోయాడు. తరవాత తల వంచుకుని ఏడ్చాడు. నూకరత్నం పక్కన కూర్చుంది, ఊరుకోమని అనలేదు.

లోపల వంట చేస్తున్న అచ్చాయమ్మకు మాటలన్నీ వినబడ్డాయి. కంచాలు పెట్టిన చప్పుడైంది. ముందు కొడుకుని పిలిచింది. కాస్త ఆగి, "రత్నం, నువ్వూ రా," అంది.