నాలుగు చార్జింగు సెల్లులు

చచ్చేటప్పుడు కూడా ఆ కెమెరా పద్ధతిగానే చచ్చేది. ముందు తెర మీద బ్యాటరీ బొమ్మ ఎర్రగా మిణుకుమనేది, తర్వాత చిన్నగా ఓ కూత కూసేది, ఆ తర్వాత లెన్సు లోపలికి ముడుచుకునేది. నెలరోజులుగా ఇదే చూసీ చూసీ నర్సింహకు కోపం రావడం కూడా మానేసింది. కోపం తెచ్చుకోవడానికైనా ఒంట్లో కాస్త సత్తువ ఉండాలి కదా.

ఇస్నాపూర్‌లో పెద్దరోడ్డు దిగి రెండు గల్లీలు లోపలికి వస్తే అతని స్టూడియో. స్టూడియో అంటే ఇంటి ముందుగదే. గోడకు నీలం గుడ్డ, దాని ముందు ఓ ఇనుప స్టూలు. వెనక రేకుల గదుల్లో అతనూ, తల్లి దేవమ్మా, భార్య ఇందిరా ఉంటారు. ఇందిర ప్యాకింగు కంపెనీలో పొద్దున షిఫ్టుకు వెళ్లిపోతే ఇంట్లో మిగిలేది ముసలమ్మ ఒక్కతే.

స్టూడియో పెట్టకముందు నర్సింహ ఆరేళ్లు గడ్డపోతారంలో ఓ మందుల కంపెనీలో డ్రయ్యరు దగ్గర పనిచేశాడు. తడిపొడిని ఆరబెట్టి డ్రమ్ముల్లోకి ఎత్తే పని. ఆ ఆరేళ్లూ కనురెప్పల దాకా తెల్లటి పొడితో ఇంటికొచ్చేవాడు, పడుకుంటే దగ్గేవాడు. ఒకరోజు ఆ దగ్గులో ఎర్రజీర కనబడింది. కొడుకు పని మానేదాకా అన్నం ముట్టనని దేవమ్మ గోడకు చేరగిలబడి కూర్చుంది. రెండో రోజు మధ్యాహ్నానికి నర్సింహ లొంగిపోయాడు. తర్వాత ఎవరి దగ్గరో పట్టుబట్టి ఫోటోలు తీయడం నేర్చుకున్నాడు, రీళ్ల కాలం గడిచిపోయాక తంటాలుపడి డిజిటల్ కెమెరా కొన్నాడు.

పెళ్లిళ్లన్నీ పటాన్‌చెరు వీడియోవాళ్లు ఎగరేసుకుపోయారు. స్టూడియోను నిలబెడుతున్నవి గేటుపాసు ఫోటోలే. కంపెనీల్లో కాంట్రాక్టు పనివాళ్లు మూడు నెలలకోసారి మారతారు. బిహారు వాళ్లు పోయి ఒడిశా వాళ్లు వస్తారు, వాళ్లు పోయి మళ్లీ ఇంకెవరో. మనిషి మారినప్పుడల్లా కొత్త పాసు, పాసుకో ఫోటో. ఆ పని చేజారితే నర్సింహకు మిగిలేది ఆ డ్రయ్యరే. కూలీలను సరఫరా చేసే యాదన్న అప్పుడప్పుడూ బండి ఆపి, "నీ జాగ అట్లనే ఉన్నది నర్సిమ్మా, ఎప్పుడస్తవో రా" అని నవ్వి పోతుండేవాడు. ఆ నవ్వు వింటే నర్సింహ గొంతులో గరగర మొదలయ్యేది.

రెండువేల అయిదు ఏప్రిల్‌లో ఆ మందుల కంపెనీ ఆఫీసరు లక్ష్మీకాంతం అతన్ని పిలిపించాడు.

"నూట ఎనభై మంది కొత్తోళ్లు వస్తున్నారు. శనివారం పొద్దున షిఫ్టు మారేటప్పుడు గేటు దగ్గరే తీసెయ్యాలి. పోయినసారి ముప్పైమంది కాంగనే నీ కెమెరా పండుకున్నది. మిగిలినోళ్లు మూడు రోజులు పాసుల్లేక బయటనే నిలబడ్డరు. పైనుంచి నన్ను తిట్టిండ్రు."

"సెల్లులు సార్. చార్జింగు ఆగుతలేదు."

"అదంతా నాకెందుకయ్యా? ఈసారి ఆగిందనుకో, పని పటాన్‌చెరు స్టూడియోకు ఇస్తా. తర్వాత వచ్చి నన్నడగొద్దు."

అడగొద్దన్నాడంటే అడిగినా లాభం లేదనే. నర్సింహ తల ఊపి వచ్చాడు.

కెమెరాకు నాలుగు పెన్సిల్ సెల్లులు కావాలి. అతని దగ్గర చార్జింగు సెల్లులు రెండు జతలు, జతకు నాలుగు. మొదట్లో ఒక్కో జత నూరు ఫోటోలకు పైన లాగేది. హోలీ దాటి ఎండలు ముదిరినప్పటి నుంచీ అరవై అయింది, నలభై అయింది, చివరికి ముప్పై దగ్గర చతికిలబడింది. తెలిసిన వైద్యమల్లా చేసి చూశాడు. సెల్లుల మొనలు రబ్బరుతో రుద్దాడు. కెమెరా లోపలి స్ప్రింగులను అగ్గిపుల్లకు దూది చుట్టి తుడిచాడు. వీటికి ముందే, నూరు కాస్త తొంభై అయిన రోజుల్లోనే, ముందుగదిలో కరెంటు సరిగ్గా రావడం లేదేమోనని చార్జరును వెనకగదిలోకి, తల్లి మంచం పక్కకి మార్చాడు. అప్పటి నుంచీ ఆ డ్యూటీ దేవమ్మది. "ఎర్రబుగ్గ పచ్చగయితే తియ్యవ్వా, ఎక్కువసేపు ఉంచొద్దు" అని చెప్పాడు. ఆమె గుడిలో దీపం చూసుకున్నంత శ్రద్ధగా చార్జరు మీది ఆ చిన్న లైటును చూసుకునేది.

గురువారం చార్జరునూ కెమెరానూ సంచిలో వేసుకుని పటాన్‌చెరు వెళ్లాడు. అక్కడ బద్రీనాథ్‌ది రేడియోల కాలం నాటి రిపేరు దుకాణం. వయసు అరవై దాటింది, కళ్లద్దాలు ముక్కు కొస మీద ఉంటాయి. ఆయన చార్జరుకు మీటరు పెట్టి చూశాడు. దుకాణంలోని మామూలు పెన్సిల్ సెల్లులు నాలుగు కెమెరాలో వేసి, తన ఫోటోనే మూడుసార్లు తీయించుకున్నాడు.

"చార్జరు మంచిగున్నది. కెమెరా మంచిగున్నది. సెల్లులేవి?"

"ఇంటికాడ ఉన్నయి సేటు. చార్జరే ఖరాబయిందనుకున్న."

"రోగిని ఇంట్ల పండబెట్టి మంచం మోసుకొస్తివా!" బద్రీనాథ్ నవ్వాడు. "తప్పు సెల్లులదే ఉంటది. తీసుకరా, చూస్త. కొత్తయి గావాలంటే సోమవారం దాక మాల్ రాదు. ఈ మామూలు సెల్లులతోని మాత్రం పెట్టుకోకు, నాలుగైదు ఫోటోలకే సల్లబడ్తయి."

సోమవారం మాల్ వస్తే శనివారం పనికి ఏం లాభం? సెల్లులు పట్టుకుని మళ్లీ రావాల్సిందే. కానీ శుక్రవారమంతా పాత ఫోటోలు బయట ప్రింట్లు వేయించి ఇచ్చి రావడంతో సరిపోయింది. సాయంత్రం ఇల్లు చేరేసరికి ఎనిమిది సెల్లులూ శుభ్రమైన గుడ్డలో మూటకట్టి, సిద్ధంగా ఉంచింది దేవమ్మ.

"రెండు జతలు పచ్చబుగ్గ అచ్చినంకనే తీసిన బిడ్డా. ఈసారి ఆగయి, నువ్వేం రందిపెట్టుకోకు."

మూట చేతికి వెచ్చగా తగిలింది. ఇప్పుడే చార్జరు లోంచి తీసి ఉంటుందనుకున్నాడు. సగం రోజు స్కూటరు మీద తిరిగిన మనిషి, అంతకంటే ఆలోచించే ఓపిక లేకపోయింది.

శనివారం పొద్దున ఆరింటికి గేటు పక్కన తెల్లగుడ్డ కట్టి, స్టూలు వేశాడు. వరస రోడ్డుదాకా ఉంది. ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటున్నారు. "సీదా సూడు, నవ్వకు, అయిపాయె." ఈ మూడు మాటలూ తెలుగులోనూ హిందీలోనూ అంటూ, మనసులో లెక్కపెట్టుకుంటూ తీశాడు. ఇరవై. ముప్పై దాటింది, ప్రాణం కొద్దిగా కుదుటపడింది. ముప్పై ఆరో మనిషి కూర్చోగానే బ్యాటరీ బొమ్మ ఎర్రబడింది. జత మార్చాడు. రెండో జత ఇరవై మూడు ఫోటోలు తీసి లెన్సు ముడుచుకుంది.

ఇంకా నూట ఇరవైమంది పైనే నిలబడి ఉన్నారు. గేటు ఎదుటి కిరాణా కొట్టుకు పరుగెత్తి మామూలు సెల్లులు తెచ్చి వేశాడు. బద్రీనాథ్ చెప్పినట్టే అయిదుగురికి చల్లబడ్డాయి. మళ్లీ పోయి అడిగితే కొట్టతను డబ్బా బోర్లించి చూపించాడు. లక్ష్మీకాంతం గేటు దగ్గరికొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సెల్లులు సార్... జెర టైమియ్యండ్రి, పటాన్‌చెరు పోయి..."

"ఆడలేక మద్దెల ఓడన్నదంట ఒకతి. ప్రతిసారీ సెల్లులేనా నర్సింహా?" అని, జేబులోంచి ఫోను తీసి నర్సింహ ముందే పటాన్‌చెరు స్టూడియోకు కొట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టకుండా, మామూలు గొంతుతో, "తొందరగా రండి, మనుషులు ఎండల నిలబడ్డరు" అన్నాడు. నర్సింహకు అవమానం ఆ మాట దగ్గర తగిలింది. కట్టిన గుడ్డా, వేసిన స్టూలూ వచ్చేవాడికి పనికొస్తాయని అక్కడే వదిలేసి బయటపడ్డాడు.

కాళ్లు ఇంటివైపు పోలేదు. సెల్లుల మూట పట్టుకుని బద్రీనాథ్ దగ్గరికి పోయాడు. ఆయన మూట విప్పి, ఒక సెల్లును కళ్లద్దాల దగ్గరగా పెట్టుకుని తిప్పితిప్పి చూశాడు. పైన ప్లాస్టిక్కు తొడుగు కొసల్లో ముడుచుకుపోయి ఉంది. మొన చుట్టూ తెల్లగా ఉప్పు పూసింది. బద్రీనాథ్ గోరుతో దాన్ని గీకి, ఇంకో సెల్లు తీసి వాసన చూశాడు.

"మిరపకాయ వాసనొస్తున్నది. వీటిని ఎండల పెడుతున్నవా?"

"నేనెందుకు పెడత సేటు?"

"నువ్వు గాకపోతే ఇంకెవలో పెడుతున్నరు. ఎనకట రేడియో సెల్లులు సల్లబడితే గట్లనే ఎండకు పెడుతుంటిమి, గంటసేపు మళ్ల పాడుతుండె. అవి వేరే జాతి. వీటికి వేడే చావు. నింపిన చార్జింగంత కారిపోతది, లోపల మసాలా ఉడికిపోతది. కొండనాలుకకు మందేస్తే ఉన్ననాలుక ఊడినట్టు జేసిండ్రు. ఎవలు పెట్టిండ్రయ్యా?"

నర్సింహ సెల్లులన్నీ ఏరి మళ్లీ మూటకట్టాడు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. కానీ అతనికి అంతా కళ్లకు కట్టింది. ఇంటి రేకుల మీద అవ్వ పరిచిన పాత చీర, దాని మీద ఎండుమిరపకాయలు, ఒక మూలన వరసగా సెల్లులు. నిన్న మూట ఎందుకు వెచ్చగా ఉందో తెలిసింది.

ఇస్నాపూర్ దాకా స్కూటరు మీద తల్లిని తిడుతూనే వచ్చాడు. ఎవరడిగారు నిన్ను? తియ్యమంటే తీసి ఊకోక, ఈ పెత్తనం ఎందుకు? నీ చేతులతో నువ్వే నన్ను మళ్లీ డ్రయ్యరులోకి తోస్తివి కదా అవ్వా అని ఇంత గట్టిగా అనాలనుకున్నాడు. గల్లీ మలుపు తిరిగేసరికి అనాల్సినవన్నీ వరసగా కూర్చుకుని ఉన్నాడు.

దేవమ్మ గడపలోనే ఎదురుచూస్తోంది. మనిషి లేచి నిలబడింది.

"ఎట్లయింది బిడ్డా? మంచిగ నడిచినయా?"

నర్సింహ చెప్పులు విడుస్తూ ఉండిపోయాడు.

"నడవక ఏంజేస్తయి!" ఆమే అందుకుంది. "నిన్న పొద్దటికెల్లి పొద్దుగూకే దాక రేకుల మీద ఎండబెట్టిన. రోజు ఒక జామే పెడుతుంటి, నిన్న పెద్ద పనాయె, దినమంత పెట్టిన. నిచ్చెన ఎక్కుడు దిగుడు, గంటగంటకు మర్లేసిన. ఒక్కదిక్కే కాగితే మల్లొక దిక్కు పచ్చిగుంటదని. మీ నాయిన రేడియో సెల్లులు గిట్లనే జేస్తుండె, ఎరికేనా? ఇగో, సేతులు సూడు." నవ్వుతూ అరచేతులు చాపింది. రేకులకు కాలి రెండు వేళ్ల మీద బొబ్బలు లేచి ఉన్నాయి. "నువ్వు మల్ల ఆ కంపెనీల అడుగుపెట్టొద్దు. గదొక్కటే నా మొక్కు."

డెబ్భై ఏళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులతో, ఎండలో నిచ్చెన ఎక్కీ దిగీ. నర్సింహకు ఏడుపొచ్చింది. ఏడవడానికీ, అరవడానికీ రెండింటికీ చేతకాక అక్కడే అరుగు మీద కూర్చున్నాడు.

"సెల్లులు మంచిగనే నడిచినయి అవ్వా," అన్నాడు. "కెమెరానే ఖరాబయింది. లోపల ఏదో కాలిందట. ఇగ బాగుగాదట."

దేవమ్మ చేతులు కిందికి దిగిపోయాయి. "మరి పని?"

"పటాన్‌చెరు వాళ్లకు పోయింది."

ఆమె కొడుకు పక్కనే కూలబడి, అతని వీపు మీద చేయి వేసింది. "పోనీ బిడ్డా. నీ తప్పేమున్నది, నా తప్పేమున్నది. మిషిని సంగతి మనకేమెరుక." ఆ చేతి బొబ్బలు చొక్కా లోంచి తెలుస్తున్నాయి.

సోమవారం బద్రీనాథ్‌కు మాల్ వచ్చింది, కబురు కూడా పెట్టాడు. కొత్త సెల్లులు వేసినా తీయడానికి మనుషులేరీ? పైగా కెమెరా కాలిపోయిందని ఒకసారి అన్నాక, దాన్ని మళ్లీ తల్లి కళ్లముందు బయటికి తీయడం ఎట్లా? బీరువా పైన గుడ్డకప్పి పెట్టాడు. నెలదాకా ఎట్లాగో లాగాడు. ఇందిర జీతం ఒక్కటే ఇంటికి చాలదని లెక్కవేయకుండానే ముగ్గురికీ తెలుసు. నెల తిరిగాక యాదన్న బండి ఆపినప్పుడు, ఈసారి నర్సింహే వెళ్లి దగ్గర నిలబడ్డాడు.

దేవమ్మ ఈసారి అన్నం మానలేదు. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది. ఆమె కూడా అలిసిపోయినట్టుంది.

డ్యూటీలో చేరే రోజు గేటు దగ్గర వరసలో నిలబడ్డాడు. ముందు పదకొండుమంది, వెనక ఎందరో చూడలేదు. పటాన్‌చెరు నుంచి వచ్చిన కుర్ర ఫోటోగ్రాఫరుకు అతనెవరో తెలియదు. "నెక్స్ట్" అన్నాడు, నర్సింహ స్టూలు మీద కూర్చున్నాడు. గడ్డం కొంచెం ఎత్తాలని, భుజాలు దించాలని అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు. వెలుగు ఎడమవైపు నుంచి మరీ ఎక్కువగా పడుతోందనీ, మొహం సగం నల్లగా వస్తుందనీ తెలిసింది. చెప్పలేదు. ఫ్లాషు ఠపీమని వెలిగింది.

సాయంత్రం తెల్లటి రెప్పలతో ఇంటికొచ్చి, పాసు తీసి గూట్లో పెట్టబోతుంటే దేవమ్మ చేయి చాపి అడిగి తీసుకుంది. తలుపు దగ్గర వెలుతురులో దాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, చాలాసేపు చూసింది.

"ఎవలు తీసిండ్రో గని బిడ్డా," అంది, "నువ్వు తీసినట్టు లేదు."

పాసును కొంగుతో తుడిచి కొడుక్కి ఇచ్చి, స్నానానికి నీళ్లు తోడడానికి లోపలికి వెళ్లింది.