మర్ఫీ పారిపోయిన సాయంత్రం

మర్ఫీ ఆ ఇంటికి వచ్చి నెల తిరక్కముందే దాన్ని వెనక్కి పంపేయాలని పుష్పలీల తేల్చి చెప్పింది.

అది పరుగు పందేల్లో పరిగెత్తిన గ్రేహౌండ్ జాతి కుక్క. వేగం తగ్గిందని యజమాని వదిలేశాడు. అలాంటి కుక్కలకు ఇళ్ళు వెతికిపెట్టే మార్గరెట్ అనే పెద్దావిడ దగ్గర్నుంచి పాండురంగం దాన్ని తెచ్చాడు. ఇంగ్లండ్‌లో, నాటింగ్‌హామ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అతనికి కుక్కలంటే ప్రాణం. "మా నాయిన రేడియో పేరే పెట్టిండ్రు దీనికి" అని పేరు వినగానే మురిసిపోయాడు. ఎనిమిదేళ్ళ వర్షిత అయితే దాని చెవిని పదేపదే తిప్పి, లోపల పందెం కుక్కల గుర్తుగా వేసిన ఆకుపచ్చ పచ్చబొట్టును చూసింది.

పుష్పలీల మాత్రం దాన్ని ముట్టుకోలేదు. చిన్నప్పుడు జగిత్యాలలో వీధికుక్క పిక్క పట్టుకుంటే బొడ్డు చుట్టూ సూదులు వేయించుకుంది. ఇప్పటికీ పార్కులో కుక్క ఎదురైతే దారి మార్చుకుంటుంది.

పందెం కుక్కలను ఉంచే కెన్నెల్ తప్ప మరోటి ఎరగని మర్ఫీకి ఇల్లంటే ఏమిటో తెలియదు. మెట్ల ముందు నిలబడి దిక్కులు చూసేది. అద్దం తలుపుకు ముక్కు గుద్దుకునేది. వాషింగ్ మెషిన్ తిరగడం మొదలైతే వణికిపోయేది. కళ్ళు సగం తెరుచుకునే నిద్రపోయేది.

అదే కొంప ముంచింది. ఒక ఆదివారం అది హాల్లో పరుపు మీద పడుకుని ఉంటే, మెలకువగానే ఉందనుకుని వర్షిత వెళ్ళి మెడ చుట్టూ చేతులు వేసింది. మర్ఫీ ఉలిక్కిపడి గబుక్కున కొరకబోయింది. పన్ను గీరుకుని పిల్ల కంటి కింద ఎర్రటి గీత పడింది.

"ఐ జస్ట్ వాంటెడ్ టు హగ్ హిమ్" అని వర్షిత ఏడ్చింది. నిద్రలో ఎవరూ ముట్టుకోని జీవం కదా, బెదిరిందని మార్గరెట్ ఫోన్లో చెప్పింది. పుష్పలీల వినలేదు.

"బెదిరిందో, కావాల్నని చేసిందో నాకు తెల్వది. జర పైకి తగిలితే కన్ను పోతుండె. శనివారం ఆమెను వచ్చి తీస్కపొమ్మనుండ్రి" అంది మొగుడితో.

పాండురంగం సరేనన్నాడు. అప్పట్నుంచి మర్ఫీ వంటింట్లో, మిగతావాళ్ళు హాల్లో. వర్షిత తల్లితో మాట్లాడటం మానేసింది.

గురువారం సాయంత్రం పాండురంగం ఆఫీసులో చిక్కుకుపోయి ఫోన్ చేశాడు. "లీలా, దాన్ని జర గార్డెన్‌లకు ఇడువవా? నేను లేటయితది."

ఆమె పళ్ళ బిగువున వెనక తలుపు తెరిచి పక్కకు తప్పుకుంది. మర్ఫీ గడ్డి మీదికి దిగిందో లేదో, పక్క వీధిలో ఎవరో రాకెట్ వదిలారు. ఊరంతా టపాసులు కాల్చే బాన్‌ఫైర్ నైట్ దగ్గరపడిన రోజులవి. ఆకాశం పగిలినట్టు చప్పుడైంది. మర్ఫీ ఒక్క దూకులో గార్డెన్ గేటుకు తగిలింది. గేటు తెరుచుకుంది. పొద్దున చెత్త బిన్ లోపలికి తెచ్చినప్పుడు గడియ వేయడం పుష్పలీలే మరిచిపోయింది.

పోతే పోనీ. ముందు ఆమెకు వచ్చిన ఆలోచన అదే. వెనక్కి తిరిగేసరికి కిటికీ అద్దానికి ముఖం ఆనించి వర్షిత నిలబడి ఉంది. తల్లి ఏం చేస్తుందా అని చూస్తోంది.

వర్షితను పక్కింటి లక్ష్మీబాయి ఆంటీకి అప్పగించి, ఫోన్ పట్టుకుని స్లిప్పర్లతోనే పరిగెత్తింది. బస్ స్టాప్ దగ్గరున్న మనిషి ట్రామ్ లైన్ వైపు చేయి చూపించాడు. పాండురంగం ఫోన్ ఎత్తలేదు. మార్గరెట్‌కు చేస్తే ఆవిడ ఎత్తింది.

"వెంటపడకు. పరిగెత్తావంటే అది ఊరు దాటిపోతుంది. కనిపిస్తే దానికి వీపు తిప్పి నేల మీద కూర్చో. దాని వైపు చూడకు. మాట్లాడుతూ ఉండు. అదే వస్తుంది."

"వీపు తిప్పాలా?" అంది పుష్పలీల.

"వేరే దారి లేదమ్మా."

ఇళ్ళ వెనక, పట్టాలు దాటే కాలిదారి దగ్గర మర్ఫీ కనిపించింది. రెండు పట్టాల మధ్య బిగుసుకుపోయి నిలబడి ఉంది. వీధి దీపం వెలుతురులో దాని పక్కటెముకలు వణకడం తెలుస్తోంది. ఆమె ఒక్క అడుగు వేసింది. అది తల తిప్పి పారిపోవడానికి ఒళ్ళు కూడదీసుకుంది. ఆమె ఆగిపోయింది.

కాలిదారి పక్కన తడి కంకర మీద దానికి వీపు తిప్పి కూర్చుంది. వీపంతా కళ్ళైనట్టుంది. కుక్కతో ఏం మాట్లాడాలో ఆమెకు తెలియదు.

"మర్ఫీ, ఇగో, కూసున్న నేను. నిన్నేమనను. ఇయ్యాల చిక్కుడుకాయ కూర చేసిన. వర్షిత తినలే. నా మీద అలిగింది, నీ కోసమే..."

పట్టాలు సన్నగా పాడటం మొదలుపెట్టాయి. మలుపు దగ్గర చెట్ల మీద వెలుగు పడింది. లేచి పోయి పట్టుకోవాలని కాళ్ళు లాగుతున్నాయి. లేస్తే అది ఎటు దూకుతుందో తెలియదు. ట్రామ్ వచ్చే వైపే దూకితే?

"రా బిడ్డా" అంది. "రా, ఇంటికి పోదాం రా."

ట్రామ్ గంట మోగింది. కంకర కదిలింది. వేడి ఊపిరి ఆమె మెడ మీద పడింది.

చిన్నప్పుడు వీధికుక్క పళ్ళు పిక్కలో దిగిన క్షణం ఒళ్ళంతా పాకింది. పెదవి కొరుక్కుని అరుపు మింగింది. చేయి మెల్లగా వెనక్కి పోనిచ్చి వెడల్పాటి కాలర్ కింద వేళ్ళు దూర్చి పట్టు బిగించింది. మరుక్షణం ట్రామ్ వాళ్ళ పక్కనుంచి గాలి కొడుతూ దూసుకుపోయింది. మర్ఫీ తన బరువంతా ఆమె భుజం మీద మోపి ముఖం ఆమె చంకలో దాచుకుంది.

చున్నీ తీసి కాలర్‌కు కట్టి ఇంటికి నడిపించుకొచ్చేసరికి పాండురంగం గుమ్మం ముందు ఎదురొచ్చాడు. స్లిప్పర్ ఒకటి ఎక్కడో పోయింది. ఆమె అరికాలు నెత్తురోడుతోంది.

"తప్పు నాదే లీలా. శనివారం దాకెందుకు, రేపే తీస్కపొమ్మంట" అన్నాడు.

"ఎక్కడికి తీస్కపొమ్మంటరు? ఎవరడిగిండ్రు మిమ్మల్ని?" ఆమె గట్టిగానే అరిచింది. "మెట్ల కాడ గేటు పెట్టుండ్రి. అది పండుకునే జాగ వేరే ఉండాలె. పిల్ల అటు పోవద్దు. వర్షితా, ఇంటున్నవా?"

లక్ష్మీబాయి గుమ్మంలోంచి దూకి వచ్చిన వర్షిత "ప్రామిస్, మమ్మీ" అంది. నాలుగు రోజుల తర్వాత తల్లితో అన్న మొదటి మాట అది.

పాండురంగం చున్నీ అందుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు. "ముందు నా కాలు సంగతి చూడుండ్రి" అని కుంటుకుంటూ లోపలికి నడిచింది. మర్ఫీ ఆమె కుంటు నడకకు తగ్గట్టు అడుగు తగ్గించి పక్కనే నడిచింది.