ఎర్రదారంతో కుట్టిన చివరి భాగం

నేను ఒక నవలని. కొట్లో కొన్నదాన్ని కాదు. వారపత్రికలో వచ్చిన సీరియల్‌ని పాలకొల్లులో వరహాలమ్మగారు కత్తిరించి దాచుకుని, అంతా అయ్యాక బైండు చేయించారు. అందుకే నా కథ వెనక తలనూనె ప్రకటనలూ, సగంలో తెగిపోయిన గుత్తివంకాయ కూరా ఉంటాయి.

నా కథని సినిమాగా తీశారు. అప్పట్నుంచీ నా పేరు చెబితే జనానికి సినిమాయే గుర్తు. అందులో జబ్బుపడ్డ పాపని ఒళ్లో పెట్టుకుని తల్లి వానలో పాట పాడుతుంది. పాట అయ్యేసరికి పాప కళ్లు తెరుస్తుంది. నాలో వాన లేదు, పాట లేదు. పాప కళ్లు తెరవదు. మర్నాడు ఆ తల్లి అలవాటు కొద్దీ చిన్న గిన్నెలో పప్పన్నం కలుపుతుంది. కలిపాక ఏం చెయ్యాలో తెలియక గిన్నె పట్టుకుని కూర్చుంటుంది. అక్కడితో నేను అయిపోతాను.

వరహాలమ్మగారి కోడలు హైమ. తొమ్మిదో తరగతిలో చదువు మాన్పించి, తర్వాత పెళ్లి చేశారు. ఆమె రెండేళ్ల కూతురికి జ్వరం పట్టుకుంది, వదలడం లేదు. హైమ మందు పోస్తుంది, నుదురు తాకి చూస్తుంది, మళ్లీ తాకి చూస్తుంది. ఆ మధ్యలోనే నన్ను బీరువా మీంచి దించింది. సినిమా చూసింది కాబట్టి కథలో పాప బతుకుతుందని తెలుసు. ఆ మాట అచ్చులో చదివితే తన పిల్లకీ తగ్గుతుందని ఆమె ఆశ. సోదెమ్మని అడిగినట్టు మనుషులు పుస్తకాన్ని అడుగుతారు. నాకేం తెలుసు.

సగందాకా వచ్చింది. వరహాలమ్మగారు అది చూశారు. కోడలు స్నానానికి వెళ్లినప్పుడు సూదీ తెల్లదారమూ తెచ్చి, నా చివరి భాగం కాగితాలన్నిటినీ అంచు వెంట బొంత కుట్టినట్టు కుట్టేశారు. నాకు నొప్పి తెలియలేదు.

హైమ వచ్చి, ఎందుకు కుట్టారని అడిగింది.

"చిరిగిపోతున్నాయే. సినిమా చూశావుగా, అదే కథ."

"అదే అయితే కుట్టడం దేనికి అత్తయ్యా?"

వరహాలమ్మగారు పిల్ల నుదుటి మీద తడిగుడ్డ మార్చారు. హైమ ఇక నన్ను ముట్టుకోలేదు. పిల్లని ఒళ్లోంచి దించనూ లేదు.

జ్వరం దానంతటదే దిగింది. పిల్ల ఇడ్లీ ముక్క అడిగి తిని నిద్రపోయిన మధ్యాహ్నం, హైమ దారం కోసి చదివింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఆఖరి పంక్తి మీద వేలుంచి చాలాసేపు కూర్చుంది. తర్వాత ఆ పాత కన్నాల్లోంచే మళ్లీ కుట్టింది. చేతికి దొరికింది పిల్ల గౌనుకి తెచ్చిన ఎర్రదారం.

సాయంత్రం బీరువా దులుపుతూ వరహాలమ్మగారు ఆ ఎర్రకుట్టు చూశారు. కుట్టు వెంట వేలు పోనిచ్చి, నన్ను మళ్లీ పైన పెట్టారు.

"పిల్లకి పప్పన్నం నే కలపనా అమ్మాయ్?"

"నేను కలుపుతానండీ. మీరు దాన్ని ఎత్తుకోండి."

గిన్నె ఖాళీ అయ్యింది.

ఇప్పటికీ నేను బీరువా మీదే ఉన్నాను. టీవీలో ఆ సినిమా వస్తే అత్తాకోడళ్లు కలిసే చూస్తారు. పాట దగ్గర వరహాలమ్మగారు కొంగుతో ముక్కు తుడుచుకుంటారు. హైమ మాత్రం, పక్కన ఆడుకుంటున్న పిల్ల నుదురు ఒకసారి తాకి చూసి చెయ్యి తీసేస్తుంది.

కుట్టు ఎవరూ విప్పలేదు.