వీపు మీద మూడు గట్లు

వంటింట్లో ఉల్లిపాయల బుట్ట మీద కప్పిన గోనెసంచిని కోడలు మళ్ళీ ఎత్తి చూసింది. పొద్దుటి నుంచి ఇది ఐదోసారి. అడుగున పరిచిన తడిగుడ్డ మీద నాలుగు తాబేలు పిల్లలు కదులుతున్నాయి. ఒక్కొక్కటీ పెద్ద బొత్తామంత ఉంది. నాలుగింటి మెడల మీదా పసుపు చారలు. 

ముప్పై ఏళ్ళుగా ఆమె మామగారు పెరట్లో రెండు రకాల తాబేళ్ళను పెంచుతున్నాడు. చారలవి జనం ఇళ్ళలో పెంచుకోవడానికి కొనుక్కుపోతారు. నల్లవి పెద్దచెరువులో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. వాటి పిల్లల్ని ఏటా చెరువు కాపాడే ఆఫీసు వాళ్ళు వచ్చి తీసుకెళ్ళి ఆ నీళ్ళలో వదులుతారు. రెండూ దాయాదులే. మనలో దాయాదులైతే ఒకచోట ఉంచితే కొట్టుకుంటారు. వీటిని ఒకచోట ఉంచితే కాపురం పెట్టేస్తాయి. అందుకే తొట్ల మధ్య ఆయన నడుమెత్తు గోడ కట్టాడు.

ఒకప్పుడు ఎవరో పెంపకందారు తెచ్చిన, రెండు రకాలకూ పుట్టిన కలగలుపు పిల్లల్ని ఆయన తన చేత్తోనే మంచుపెట్టెలో పెట్టి చంపడం కోడలు కళ్ళారా చూసింది. ఆ తర్వాత ఆయన రెండు పూటలు భోజనం ముట్టలేదు. "ఒక్కటి చెరువులో పడితే చాలమ్మా. ఆ మీదట ఎన్ని వలలేసినా ఆ కలుపు తీయలేం" అన్నాడు.

అంతా తెలిసే తప్పు చేసింది. రెండేళ్ళ కిందట మామగారు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళిన మధ్యాహ్నం చారల మగదాని తొట్టి పగిలింది. నీళ్ళన్నీ కారిపోతుంటే కాళ్ళూ చేతులూ ఆడక, దాన్ని తీసి నల్ల ఆడదాని తొట్టిలో వేసింది. పగులుకు సిమెంటు పూసి ఆరేదాకా మూడే మూడు గంటలు. ఈమాత్రానికే ఏం కొంప మునిగిపోతుందిలే అనుకుంది. ఆడతాబేలు మగదాని విత్తనాన్ని ఏళ్ళ తరబడి కడుపులో దాచుకోగలదని మామగారు నూరుసార్లు చెప్పిన మాట ఆ పూట గుర్తుకే రాలేదు. నిరుడు గుడ్లు కుళ్ళిపోతే గండం గడిచిందనుకుంది. ఈ ఏడాది పదకొండు పిల్లలు బయటికొచ్చాయి.

చారలున్న నాలుగింటినీ దాచేసింది. మిగతా ఏడింటికీ చారల్లేవు. కానీ చారల్లేనంత మాత్రాన వాటిలో కలుపు లేదని ఎవరు చెప్పగలరు? ఆ ఏడూ ఇవాళ చెరువుకు వెళ్ళిపోతాయి.

"అమ్మాయ్!" పెరట్లోంచి మామగారు పిలిచాడు.

ఆమె బుట్ట మీద సంచి కప్పేసి పెరట్లోకి నడిచింది. వెళ్ళేసరికి ఆయన పొదిగించే ఇసుకపెట్టె ముందు కూర్చుని వేళ్ళతో తడుముతున్నాడు. కళ్ళు బాగా మసకబారాక ఆయనకు చూపంతా వేళ్ళలోనే ఉంది. పది రోజులుగా మాత్రం ఆ వేళ్ళు పిల్లల జోలికి పోలేదు. 'నువ్వే చూసుకో' అని తప్పుకుంటున్నాడు. తనను పరీక్షిస్తున్నాడేమోనని ఆమె రోజూ వణికిపోతోంది.

"గుడ్ల డొల్లలు పదకొండున్నాయి. పిల్లలు ఏడేనా?"

పిల్లల్ని దాచింది గానీ డొల్లలు తీయడం మరిచిపోయింది. 

"నాలుగు... దక్కలేదు మామయ్యా."

"నాకు చూపించలేదే?"

"మీరు బాధపడతారని పారేశాను."

ఆయన డొల్లల్ని ఒక్కొక్కటిగా ఏరి పక్కన పెట్టాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

అంతలో చెరువు ఆఫీసు మేడం వచ్చింది. చేతిలో తడినాచు పరిచిన డబ్బా, ఎప్పటిలాగే ఒక కాగితం. "సంతకం పెట్టండి పెద్దాయనా, తెలిసిందేగా. మూడేళ్ళుగా తల్లిని ఇంకో రకంతో కలపలేదని" అంటూ డబ్బా మూత తెరిచింది.

సంతకం పెట్టే చోటు ఆయనకు కనపడదు. ఏటా కోడలే ఆయన వేలు పట్టుకుని గీత మీద ఆనిస్తుంది. ఇవాళా ఆ వేలు పట్టుకుంది. గీత దాకా తెచ్చింది గానీ ఆ వేలు కాగితం మీద ఆనలేదు. 

"వద్దమ్మా" అని ఆయన కలం కింద పెట్టేశాడు. "మేడం గారూ, వీటిని చెరువుకు తీసుకెళ్ళకండి. పుట్టిన రోజే ఒకదాన్ని తడిమాను. నల్లదానికి వీపు నడుమ ఒకటే గట్టు ఉండాలి. దానికి చారలవాటికున్నట్టు మూడు తగిలాయి. నా వేళ్ళే తప్పు చెప్పాయో, ఈ గుడ్డి కళ్ళతో ఎప్పుడో మగదాన్ని తప్పు తొట్టిలో వేశానో. ఇంకోదాన్ని ముట్టుకోవాలంటే భయమేసింది. నా వల్ల చెరువు చెడకూడదు. ఇక ఈ తొట్లు నాకొద్దు, తల్లితో సహా అన్నీ మీరే తీసుకుపొండి."

ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు, ఆమె గండం గట్టెక్కుతుంది. ఆ ఆలోచన రావడమే ఆమెను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది.

"మీరు కాదు మామయ్యా, నేను" అంది.  తొట్టి పగిలిన మధ్యాహ్నం నుంచి అంతా చెప్పేసింది. "నాలుగు చావలేదు. ఉల్లిపాయల బుట్టలో ఉన్నాయి."

మేడం ఖాళీ డబ్బాకు మూత పెట్టింది.

"తీసుకురా" అన్నాడు ఆయన.

ఆమెకు మంచుపెట్టె గుర్తొచ్చింది. అయినా బుట్ట తెచ్చింది. ఆయన ఒక పిల్లను అరచేతిలో పెట్టుకుని వీపు మీద బొటనవేలు ఆనించాడు.

"ఒకటి. రెండు. మూడు." ఆగి మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. "మూడే."

చూపులేని ఆ కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"పది రోజుల నుంచి, కళ్ళతో పాటు నా వేళ్ళు కూడా పోయాయనుకుంటున్నానమ్మా" అన్నాడు. "ఒక్క మాట చెప్పలేకపోయావా?"