సొంత పొలం కోత

వరి ఎక్కడ పండితే ఉప్పలయ్య అక్కడికి పోవాల్సిందే. నెక్కొండలో ఎరువుల దుకాణం నడిపే పాండురంగం సేటు కోత మిషన్ కొన్న నాటి నుంచి దాని స్టీరింగు అతని చేతిలోనే ఉంది. దసరా దాటితే నిజామాబాదు, ఆ తర్వాత కర్ణాటకలో సింధనూరు, చలి తగ్గే వేళకు తమిళనాడు. గాలికి పడిపోయిన పైరును కూడా గింజ రాలకుండా ఎత్తి కోస్తాడని అతనికి పేరు. పక్క మిషన్‌ను వెనక్కి పంపి అతని కోసం ఎదురుచూసే రైతులుండేవాళ్లు.

భార్య సారలమ్మ పాలంపేటలో రెండెకరాలు కౌలుకు చేస్తుంది. చెరువు నీళ్లు ఆ చివరికి అందవు కాబట్టి ఏడాదికి ఒక్క వానాకాలం పంటే. అది కోతకొచ్చే రోజుల్లో ఉప్పలయ్య ఎప్పుడూ సింధనూరులో ఉంటాడు. పెళ్లయినప్పటి నుంచి ఆ పొలాన్ని ఎవరెవరో కోశారు గాని అతను ఒక్కసారీ కోయలేదు. పరాయి ఊళ్లలో ఏ గట్టు మీదైనా కొంగు తలకు కప్పుకున్న ఆడమనిషి కనిపిస్తే, అతని చూపు కాసేపు అక్కడే ఆగేది.

ఈ ఏడు సింధనూరులో నాట్లే ఆలస్యమయ్యాయి. అక్కడినుంచి పిలుపొచ్చేదాకా ఇక్కడే నడపమన్నాడు సేటు. ములుగు దగ్గర ఒక రైతు పొలం ముగించాక ఉప్పలయ్య భయపడుతూనే అడిగాడు.

"సేటూ, మా పొలం గూడ కోసుకొస్త."

"గీ మాటకు ఇన్నేండ్లు పట్టిందా? పో, కోస్కో."

సారలమ్మకు ఫోన్ చేద్దామని తీసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. చప్పుడు విని ఆమె ఎవరి మిషనో అనుకుంటూ గట్టెక్కాలి. పైన తను కనిపించాలి. ఆ ముఖం ఎట్లా మారుతుందో తలచుకుంటూ దారంతా తనలో తనే నవ్వుకున్నాడు.

పొలం దగ్గరికి వచ్చేసరికి కొయ్యకాళ్లు తప్ప ఏమీ లేవు.

సారలమ్మ రోడ్డు మీద వడ్లు ఆరబోసి, కాళ్లతో తిరగేస్తూ కనిపించింది. అతన్ని చూసి నిలబడిపోయింది.

"వానొస్తదన్నరు. నిన్ననే కోపిచ్చిన" అంది. "నువ్వొస్తవని నాకెట్ల ఎర్క? జర ఫోన్ జేస్తే ఏం పోయె?"

అతను మిషన్ దిగి పొలమంతా తిరిగి వచ్చాడు. మూలల్లో కోయకుండా వదిలేసిన దుబ్బులున్నాయి. కొడవలి అడిగి తీసుకుని, వంగి వాటిని కోశాడు. ఆమె వెనకే నడుస్తూ పనలు ఎత్తుకుంది. ఆ పూట ఇద్దరూ పక్కపక్కనే వడ్లు తిరగేశారు, పొద్దుగూకే ముందు కుప్ప చేసి పరదా కప్పారు.

తెల్లవారి సేటు ఫోన్ చేశాడు. మరిపెడలో రైతులు కాచుకుని ఉన్నారట.

మిషన్ ఎక్కబోతుంటే సారలమ్మ అంది, "నన్ను గూడ ఎక్కించుకో. పెద్ద రోడ్డు దాక."

ఆమె ఎప్పుడూ మిషన్ ఎక్కలేదు. అతని సీటు పక్కన ఇరుక్కుని కూర్చుని, కమ్మీ గట్టిగా పట్టుకుని తమ పొలం వైపు చూసింది.

"ఇక్కడికెళ్లి చూస్తే ఎంత చిన్నగ కనవడ్తాంది!"

ఉప్పలయ్య మిషన్‌ను ఎంత మెల్లగా నడపవచ్చో అంత మెల్లగా నడిపాడు. అయినా పెద్ద రోడ్డు వచ్చింది.

"మళ్లెప్పుడు?"

"తమిళనాడు అయినంక."

ఆమె కాసేపు దిగలేదు. "వచ్చే యేడు ఎవ్వలతోని కోపియ్య. నువ్వొచ్చేదాక ఉంచుత."

"పిచ్చిదానా, గింజంత రాలిపోతది."

"రాలనియ్."

ఆమె దిగి, వెనక్కి చూడకుండా పొలం దారి పట్టింది. ఎన్నో ఊళ్ల రైతులకు పంట ఒక్క రోజు కూడా ఆగదని చెప్పిన మనిషి, ఆమెను పిలిచి ఆ మాట అనలేకపోయాడు. వెనక లారీ వాడు హారన్ మీద హారన్ కొడుతుంటే, చెమ్మగిల్లిన కళ్లు తుడుచుకుని, మరిపెడ వైపు మిషన్ తిప్పాడు.