నల్లరాతి గోడకి ఎగువన

మా అత్త సత్యభామ ఫ్రిజ్‌లోంచి ఒక సీసా తీసి, అందులోని నీళ్ళు సింకులో పారబోసి, కడిగి మజ్జిగ పోసుకుంది. ఆ సీసా మా అమ్మాయి రంజితది. దాని మీద అంటించిన చీటీ తడిసి, గిన్నెలు తోమే పీచుకి అతుక్కుపోయి ఉంది.

"అది పాలారు నీళ్ళు అత్తా. పరీక్ష చేయాలని తెచ్చిపెట్టుకుంది" అన్నాను.

"ఏటి నీళ్ళు ఏట్లో ఉండాల. ఈడ దోసెపిండికే చోటు లేదు. ఒక సీసాకి ఇంత పంచాయితీనా?"

మజ్జిగకి చెంబు ఉంది కదా అన్నాను. ఈ ఇంట్లో తనకంటే మురుగు నీళ్ళకే మర్యాద ఎక్కువని ఆమె అంది. మాట మీద మాట పెరుగుతుండగా రంజిత తల తుడుచుకుంటూ వచ్చింది. ఇద్దరం దాని వైపు చూశాం. ఒకసారి ఆ సీసాలని పై అరలోంచి కింది అరలోకి మార్చినందుకే నాతో రోజంతా మాట్లాడని పిల్ల అది.

"పోనీలే అవ్వా. ఆ నీళ్ళతో ఇంక పని లేదు" అంది.

అత్త తానే గెలిచాననుకుని మజ్జిగ గ్లాసు అందుకుంది. నేను మాత్రం రంజిత కోసం కాఫీ పెట్టాను.

ఎండిపోయిన ఏట్లో జంతువులు నీళ్ళు ఎలా వెతుక్కుంటాయన్నది రంజిత పరిశోధన. వేసవిలో పాలారు అంటే ఇసుకే. ఆ ఇసుకలో నక్కలు, అడవిపందులు కాళ్ళతో చెలమలు తవ్వుతాయి. అవి తాగి వెళ్ళాక పునుగుపిల్లులు, పిట్టలు వచ్చి తాగుతాయి. ఎక్కడ పడితే అక్కడ తవ్వవు. రంజిత చూసిన చెలమలన్నీ ఏటికి అడ్డంగా ఒకే వరసలో ఉన్నాయి. దానితో కలిసి పనిచేసే జెబకుమార్ భూగర్భశాస్త్రం చదువుతున్నాడు. ఆ వరసకి కాస్త దిగువన, ఇసుక కింద, నల్లరాయి గోడలాగా నిలబడి ఉందని అతను తేల్చాడు. ఎన్నడో భూమి పగులులోకి ఎగదన్నిన శిలాద్రవం గడ్డకట్టి అయిన గోడ. ఇసుకలో మెల్లగా పారే నీళ్ళు దానికి తగిలి ఆగి, పైకి ఊరతాయి.

ఈ సంగతి రంజిత మాకు అన్నం కంచంలోనే చెప్పింది. మా ఆయన కోదండరాం ఎప్పుడూ అన్నాన్ని గట్టులా పేర్చి ఒక పక్కన చారు పోయించుకుంటారు. "అచ్చం ఇదే నాయనా. నీ గట్టు నల్లరాయి, చారు మా నీళ్ళు" అంది. ఆయన మురిసిపోయారు. ఏ ఊరు, ఏ గట్టు, ఎగువనా దిగువనా అని అడిగి అడిగి చెప్పించుకున్నారు.

అత్త గదిలోకి పోయాక రంజితకి కాఫీ ఇచ్చి పక్కన కూర్చున్నాను. అప్పుడు చెప్పింది. సరిగ్గా ఆ గోడకి ఎగువన, ఒడ్డు మీద పొలం కొని, కేన్లలో తాగునీళ్ళు నింపి అమ్మే కంపెనీ ఒకటి బోర్లు దించింది. చెలమలన్నీ ఎండిపోయాయి. నక్కలు అలవాటు కొద్దీ వచ్చి, తవ్విన చోటే మళ్ళీ మళ్ళీ తవ్వుతున్నాయట. రంజిత ఆ గుంటల్లో మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసింది, తడి తగల్లేదు. ఊరి తాగునీటి బావిలోనూ అడుగు కనిపిస్తోంది. ఆ ఊళ్ళో ఇన్నాళ్ళూ రంజితకి ఇంట్లో చోటిచ్చిన మునెమ్మ, ఈసారి దాని సంచీ తెచ్చి వాకిట్లో పెట్టింది.

"'నువ్వు వచ్చి చూసుకొని పోయినావు, నీ ఎనకాలే వాళ్ళొచ్చినారు' అనిందమ్మా. నేనేం చెప్పేది?"

"ఎవరు చెప్పుంటారు వాళ్ళకి?"

"జెబకుమారే. ఇంకెవరికి తెలుసు? వాడి మొహం మీదే అనేసినా. నేను కాదు రంజితా అన్నాడు, అంతే. సోమవారం మా గైడుకి చెప్పి వాణ్ణి ప్రాజెక్టులోంచి తీయించేస్తా."

మా ఆయన మధ్యాహ్నం స్వీట్ బాక్సుతో ఇంటికి వచ్చారు. మేముండే చూలై పేటలో, మా వీధి మొదట్లోనే మా కొట్టు. కేను నీళ్ళ హోల్‌సేల్. కంపెనీ నుంచి లోడు పంపే శివరామ్, రంజితకి ఇవ్వమన్నాడని బాక్సు బల్ల మీద పెట్టారు. రంజిత లైబ్రరీకి పోయి ఉంది. ఎందుకిచ్చాడని అడిగాను.

"మన బిడ్డ చెప్పిన జాగాలోనే కదా బోర్లు దించినారు. ఒకటి కూడా ఫెయిలు కాలేదంట. నేను చుమ్మా, ఊరికే మాటల్లో చెప్పినా, వాళ్ళు పట్టుకున్నారు చూడు" అన్నారు చొక్కా విప్పుతూ.

పొయ్యి ఆర్పేశాను. వీళ్ళది చింతపండు వ్యాపారం చేసిన వంశం. మంచి సరుకు ఏ ఊళ్ళో ఉందో తెలిస్తే పెద్ద వర్తకుడి చెవిలో వేయటం వీళ్ళకి మర్యాద. అలా చెప్పినవాడికి మరుసటిసారి లోడు ముందు దిగుతుంది. మామగారూ అదే చేశారు. నక్కల చెలమని కూడా ఈయన చింతతోపే అనుకున్నారు.

"అది దాని చదువు. మీ సరుకు కాదు" అన్నాను.

"నీళ్ళు ఎవరి సొత్తే? ఆడ నక్క తాగితే పుణ్యం, ఈడ మనిషి తాగితే పాపమా?"

"ఆడ మనుషులు లేరా?"

మునెమ్మ అన్న మాట చెప్పాను. తన కొలీగు పని అనుకుని రంజిత ఆ పిల్లవాడి గొంతు కోయబోతోందనీ చెప్పాను. మొహం వాడిపోయింది. చాలాసేపు తువ్వాలుతో మెడ తుడుచుకున్నారు. మనిషి మెత్తబడ్డాడనే అనుకున్నాను.

"ఇది దానికి చెప్పొద్దు. నా మొహం చూడదు. ఆ పిల్లోడికేం, మగపిల్లోడు, ఇంకో చోట పని దొరకతాది" అన్నారు.

అక్కడ నాకు మండింది. తెలియక చెప్పారు, సరే. తెలిశాక ఒక పరాయి బిడ్డని బలిపెట్టి తను కూతురి ముందు మంచివాడిగా మిగలాలని చూశారు. ఆ స్వీట్ బాక్సు తీసుకెళ్ళి చెత్తబుట్టలో పడేశాను. ఆయన చూస్తూనే ఉన్నారు.

సాయంత్రం ఆయన బజారుకి వెళ్ళినప్పుడు కొట్టుకి వెళ్ళాను. కొత్త లోడు దిగి ఉంది. ప్రతి కేను మీదా, వాగులో నీళ్ళు తాగుతున్న జింక బొమ్మ. ఆ జింకని చూస్తే ఒళ్ళు మండిపోయింది. తల పైకెత్తితే బోర్డు: కస్తూరి ఏజెన్సీస్. అది నా పేరు. చింతపండు కొట్టు ఆయన పేరు మీద ఉంది కాబట్టి నీళ్ళ లైసెన్సు ఇంటావిడ పేరున తీసుకోమని ఆడిటరు చెప్పాడు. చూలైలో సగం కొట్లు ఇలాగే ఆడవాళ్ళ పేర్ల మీద నడుస్తాయి. నేను తాలింపు వేస్తుంటే కాగితాలు తెస్తారు, వేలితో చోటు చూపిస్తారు, సంతకం పెడతాను. డిగ్రీ చదివిన దాన్ని, ఒక్క కాగితమూ పూర్తిగా చదవలేదు. ఆ రోజు కొట్లో కూర్చుని కంపెనీ ఒప్పందం మొదటి నుంచి చివరి దాకా చదివాను. కంపెనీ సరుకు వద్దనుకుంటే ఓనరు రాసిస్తే చాలు.

రాత్రి భోజనానికి నలుగురం కూర్చున్నాం. ఆయన అలవాటుగా అన్నం గట్టు కట్టుకున్నారు. చారు పోశాను.

"రంజితా, ఆ జాగా కంపెనీకి చెప్పింది జెబకుమార్ కాదు. మీ నాయన" అన్నాను.

అది నా వైపు చూసింది, తరవాత ఆయన కంచంలోకి చూసింది.

"ఇందులోనే కదా నాయనా నీకు చూపించినాను" అంది.

ఆయన చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. తెలియక అన్నానని మొదలుపెట్టారు. నేను ఆపేశాను.

"తెలిసినాక దాచమన్నారు. ఇంక నేను చెప్పేది వినండి. రేపటి నుంచి మన కొట్లో ఆ కంపెనీ లోడు దిగదు. కొట్టు నా పేరు మీద ఉంది. రాసి సంతకం పెట్టినాను. సోమవారం మునెమ్మ ఊరివాళ్ళతో కలెక్టరు ఆఫీసుకి పోతాను. ఆ జాగా బయట పెట్టింది మా ఇల్లేనని ఓనరుగా నేనే చెప్తాను. మీరొస్తే ఆ మాట మీరే చెప్పొచ్చు."

"నలుగురిలో నా మర్యాద?" అన్నారాయన.

"ఆ పిల్లోడికి లేదా మర్యాద?"

రంజిత లేవబోయింది. కూర్చుని తినమన్నాను. తిన్నాక అతనికి ఫోన్ చేయమన్నాను, మెసేజి పెట్టి ఊరుకోవటం కాదు, నోటితో చెప్పమన్నాను. అది తల ఊపింది.

మా అత్త గ్లాసు ఎత్తి, అందులోని కేను నీళ్ళు చూసి, కింద పెట్టింది.

"మరి మనం తాగేదానికి?"

"కొళాయిలో వచ్చే మెట్రో నీళ్ళు కాచి చల్లార్చి, ఫ్రిజ్‌లో సీసాల్లో పెట్టినాను అత్తా" అన్నాను. "పారబోయొద్దు."