రెండు సగాల గరాటు

మామగారి రేకుల షెడ్డులో కోడలికి దక్కింది ఒక మూల, ఒక కంప్యూటరు, బోలెడన్ని వెక్కిరింతలు. రేకు పనిలో ఆయన చేయి తిరిగిన మనిషి. ఎవరు గీసిన బొమ్మయినా సరే, తాను మళ్లీ కొలవనిదే రేకు మీద కత్తెర పడనివ్వరు. కోడలు గీసినవైతే రెండుసార్లు కొలిచేవారు. దానికే ఆమెకు ఒళ్లు మండేది.

ఆ వారం కంప్యూటర్లోకి కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఎంత వంకరటింకర ఆకారమైనా విప్పి, చాప పరిచినట్టు చూపిస్తుంది. ఎక్కడెక్కడ వంచాలో గీతలు కూడా గీసిస్తుంది. సరిగ్గా అప్పుడే ఒక బేకరీ వాళ్లు పొగగొట్టాలకు రెండు గరాటులు అడిగారు. కింద చదరం, పైన గుండ్రం. మామగారు అలాంటివి ఎప్పుడూ రెండు సగాలుగా చేసి అతికిస్తారు. కోడలు మొత్తం ఒకే రేకులో గీసేసింది, ఒక్క అతుకుతో.

"ఈ ఒక్కసారికి కొలవకండి మామయ్యా," అని బతిమాలింది.

"సరే. తేడా వస్తే మాత్రం ఇక నువ్వు ఆ కంప్యూటరు డబ్బాలో పేకాట ఆడుకోవాల్సిందే."

రేకు కోశారు. మామగారు దాన్ని వంపు యంత్రంలో, పైనున్న బ్లేడు కింద పెట్టి ఒక్కో గీత దగ్గర మెల్లగా వంచసాగారు. పదో వంపుకే ఆయన కనుబొమలు పైకి లేచాయి. అంచులు వెంట్రుకవాసి తేడా లేకుండా దగ్గరవుతున్నాయి.

"ఓర్నీ! ఇటు రావే, ఎలా కలుస్తోందో చూడు!" అని భార్యను కేకేసి, మిగతా వంపులు చకచకా కానిచ్చేశారు. కోడలి కాళ్లు నేల మీద నిలవలేదు.

గరాటు పూర్తయింది. బయటికి మాత్రం రాలేదు. ఆ బ్లేడు చుట్టూ వేలికి ఉంగరంలా బిగుసుకుపోయింది. మామగారు ఇటు లాగారు, అటు లాగారు. కోడలు కంప్యూటరు వైపు చూసింది. ఇక పేకాటే గతి.

అత్తగారు నడుం మీద చేతులేసుకుని చూశారు. "బాగానే ఉంది. యంత్రంతో సహా బేకరీకి పంపేయండి."

మామగారు స్టూలు మీద కూలబడి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. "నలభై ఏళ్లుగా రెండు సగాలుగానే చేస్తున్నాను. అలా ఎందుకు చేస్తానో ఇవాళ గుర్తొచ్చింది."

"ఒకే ముక్కగా గీసింది నేను కదా మామయ్యా. తప్పు నాదే."

"వంచింది నేను కదమ్మా! కళ్లముందే మూసుకుపోతుంటే చోద్యం చూస్తూ నిలబడ్డాను."

బోల్టులు విప్పి, బ్లేడు దించి, గరాటును బయటికి లాగేసరికి ముగ్గురికీ తలప్రాణం తోకకొచ్చింది. అంచులు కలిసినచోట గోరు కూడా దూరలేదు. కోడలికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

రెండో గరాటును ఆమె రెండు సగాలుగా గీసింది. కాగితంతోపాటు, అలవాటు కొద్దీ, కొలత టేపు కూడా మామగారికి అందించింది. ఆయన కాగితం మాత్రం తీసుకున్నారు.

"అదెందుకమ్మా? రా, రేకు అటువైపు పట్టుకో," అన్నారు.